అడ్మినిస్ట్రేటర్‌ని నేనే, అయినా నా ఫోల్డరు తెరవడానికి నాకే అనుమతి లేదంటోంది

ప్రశ్న: అచ్చుపని

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడలో ఇరవై ఏళ్లుగా డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే) పని చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ఆలయాల సావనీర్లు, అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములో అను అనే తెలుగు ఫాంట్లతో కూర్చినవే. గత నెలలో విండోస్ 7 ఉన్న నా పాత కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. హార్డ్ డిస్కు బాగానే ఉన్నదని చెప్పి, మరమ్మతు చేసినవారు దానిని ఒక యూఎస్‌బీ కేసులో బిగించి ఇచ్చారు. విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్‌కు దానిని తగిలించిన రోజు నుంచి నేను పడుతున్న ఇబ్బందిని వివరంగా రాస్తున్నాను.

డిస్కులో నా పాత యూజర్ ఫోల్డరును తెరవబోతే, 'ఈ ఫోల్డరును చూడటానికి ప్రస్తుతం మీకు అనుమతి లేదు, శాశ్వతంగా అనుమతి పొందడానికి కంటిన్యూ నొక్కండి' అన్న అర్థం వచ్చే సందేశం కనిపించింది. నొక్కాను. చాలాసేపు ఆకుపచ్చ గీత నడిచిన తరువాత పై ఫోల్డరు తెరుచుకున్నది. కానీ అసలు నాకు కావలసిన 'పుస్తకాలు' అన్న ఫోల్డరు దగ్గర మాత్రం, కంటిన్యూ నొక్కినా, 'మీకు అనుమతి నిరాకరించబడింది, సెక్యూరిటీ ట్యాబ్ ఉపయోగించండి' అని వస్తున్నది. పై ఫోల్డరు సెక్యూరిటీ ట్యాబ్‌లో నా పేరు ఉండవలసిన చోట ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవైన అంకెల వరుస ఉన్నది, దాని పక్కన 'అకౌంట్ అన్‌నోన్' అని రాసి ఉన్నది. పాత కంప్యూటర్‌లో ఏ పేరు, ఏ పాస్‌వర్డు ఉండేవో కొత్తదానిలోనూ అవే పెట్టుకున్నాను. ఇక్కడ అడ్మినిస్ట్రేటర్‌ని కూడా నేనే. అటువంటప్పుడు నా ఫోల్డరు నన్ను ఎందుకు గుర్తించడం లేదు? ఫోల్డరు ప్రాపర్టీస్‌లో 'రీడ్ ఓన్లీ' దగ్గర ఉన్న గుర్తును పదిసార్లు తీసివేసి ఉంటాను. మళ్లీ తెరిచి చూస్తే అక్కడే ఉంటున్నది.

ఒక విషయం చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నా దగ్గర మరో ఇద్దరు ఆపరేటర్లు అదే యంత్రం మీద పనిచేసేవారు. ఒకసారి పొరపాటున ఒక పుస్తకం ఫైలు చెరిగిపోవడంతో, ఆ ఫోల్డరుకు సెక్యూరిటీ ట్యాబ్‌లో నా పేరు తప్ప మిగిలినవన్నీ తీసివేయించాను. ఆ సంగతి ఇప్పుడు అడ్డు వస్తున్నదేమో తెలియదు.

రెండవ ఇబ్బంది కొత్త కంప్యూటర్‌లోనిది. పేజ్‌మేకర్‌లో కొత్త పని చేసి డాక్యుమెంట్స్‌లో సేవ్ చేయబోతే, 'ఫైలు కనబడలేదు, పేరు సరిచూసుకోండి' అంటున్నది. నేను అప్పుడే సృష్టిస్తున్న ఫైలు కనబడకపోవడం ఏమిటో అర్థం కావడం లేదు. నోట్‌ప్యాడ్‌లో రాసినది అదే చోట చక్కగా సేవ్ అవుతున్నది. యంత్రాన్ని అమర్చినవారు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాములు) నుంచి రక్షణ కూడా పెట్టి ఇచ్చామని చెప్పారు తప్ప, నేను వేరే మార్పులేవీ చేయలేదు.

డిస్కు మొత్తానికీ 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్', అంటే అందరికీ పూర్తి అనుమతి, ఇచ్చేస్తే అన్నీ తెరుచుకుంటాయని ఒకరు చెబుతున్నారు. ఆ ఫోల్డరులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తమ ఊరి చరిత్ర మీద రాసిన 300 పేజీల పుస్తకం ఉన్నది. ఆయన చేతిరాత ప్రతి ఇప్పుడు లేదు. అందుకే ఏ బటన్ నొక్కాలన్నా చేయి ఆడటం లేదు. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: సర్వరుగది

అచ్చుపని గారికి నమస్కారం. ముందుగా ఒక మాట. మీరు రాసిన లక్షణాలను బట్టి మీ ఫైళ్లు చెడిపోలేదు. కాబట్టి తొందరపడి ఏ మార్పూ చేయకండి, ముఖ్యంగా ఆ 'ఎవ్రీవన్' సలహాను పక్కన పెట్టండి.

విండోస్ మన పేరును బట్టి మనలను గుర్తించదు. ఖాతాను తెరిచినప్పుడు దానికి ఒక సంఖ్య ఇస్తుంది. మీరు చూసిన ఎస్-1-5-21 వరుస అదే. మధ్యలో ఉన్న మూడు పెద్ద సంఖ్యలు ఆ కంప్యూటర్‌లో విండోస్‌ను ఎక్కించినప్పుడు పుట్టినవి, చివరి సంఖ్య ఆ యంత్రంలో మీ ఖాతాది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరికి ఆధార్ సంఖ్యలు వేరుగా ఉన్నట్టే, మీ పాత ఖాతా, కొత్త ఖాతా దాని లెక్కలో ఇద్దరు వేరు వేరు మనుషులు. పాస్‌వర్డు ఒకటే కావడం వల్ల ఏ ప్రయోజనమూ ఉండదు. పాత సంఖ్యకు ఎదురుగా ఏ పేరు రాయాలో కొత్త కంప్యూటర్‌కు తెలియదు కనుక 'అకౌంట్ అన్‌నోన్' అని చూపిస్తున్నది.

మరి పై ఫోల్డరు ఎందుకు తెరుచుకున్నది? యూజర్ ఫోల్డరుకు మామూలుగా ముగ్గురికి అనుమతి ఉంటుంది: ఆ ఖాతాదారుకు, సిస్టమ్‌కు (అంటే విండోస్‌కే), అడ్మినిస్ట్రేటర్ల వర్గానికి. ఈ వర్గం సంఖ్య మాత్రం అన్ని విండోస్ యంత్రాల్లోనూ ఒకటే, ఎస్-1-5-32-544. మీరు ఆ వర్గంలో సభ్యులే. అయితే విండోస్ విస్టా కాలం నుంచి అడ్మినిస్ట్రేటర్ లాగిన్ అయినా, కోరినప్పుడు తప్ప ఆ అధికారం చేతికి రాదు. అంతవరకూ సాధారణ వినియోగదారు హోదాలోనే ఉంటారు. కంటిన్యూ నొక్కడం అంటే ఆ అధికారాన్ని ఒకసారి వాడి, ఫోల్డరు అనుమతుల పట్టికలో మీ కొత్త సంఖ్యను శాశ్వతంగా చేర్చడం. లోపల ఉన్న వేలాది ఫైళ్లకూ ఆ చేర్పు జరగాలి కాబట్టే ఆకుపచ్చ గీత అంతసేపు నడిచింది.

'పుస్తకాలు' ఫోల్డరు దగ్గర అది పనిచేయకపోవడానికి కారణం మీరే రాశారు. మీ పేరు తప్ప అన్నీ తీసివేయించినప్పుడు అడ్మినిస్ట్రేటర్ల వర్గం కూడా పోయింది. ఇప్పుడు ఆ పట్టికలో ఉన్నది ఒక్క పాత సంఖ్య మాత్రమే, ఆ సంఖ్య గల మనిషి ఈ యంత్రంలో లేడు. ఇక్కడ యజమాని, అనుమతి అన్న రెండు మాటలను విడిగా చూడాలి. యజమాని అంటే పట్టాదారు. చదివే అనుమతి తన పేరున లేకపోయినా, ఆ పట్టికను మార్చే హక్కు యజమానికి ఎప్పుడూ ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ చేయగలిగినది ముందు యజమాన్యాన్ని తన పేరుకు మార్చుకుని, తరువాత అనుమతి రాసుకోవడం. సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, ఓనర్ పక్కన చేంజ్ నొక్కి చేసేది ఇదే.

అయితే మీకు నేను ఆ దారి చెప్పను. ఆ డిస్కు మీద ఉన్న 300 పేజీలకు మరో ప్రతి లేదన్నారు కాబట్టి, దాని మీద ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఫైళ్లను బయటకు తెచ్చుకోవడమే మంచిది. అందుకు విండోస్‌లోనే రోబోకాపీ అన్న ఆదేశం ఉన్నది. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌ను వెతికి, కుడి బటన్‌తో 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకుని తెరవండి. రోబోకాపీ అని రాసి, పాత డాక్యుమెంట్స్ ఫోల్డరు చిరునామా, ఆ తరువాత కొత్త కంప్యూటర్‌లో సి డ్రైవు మీద మీరు కొత్తగా తెరిచిన ఫోల్డరు చిరునామా ఇచ్చి, చివర స్లాష్ గుర్తుతో ఇంగ్లీషు అక్షరాలైన ఈ (E), బీ (B), ఎక్స్‌జే (XJ) అన్న మూడు ఐచ్ఛికాలను చేర్చండి. ప్రతిదానికీ ముందు విడిగా స్లాష్ ఉండాలి. 'ఈ' అంటే లోపలి ఫోల్డర్లన్నీ, ఖాళీవి సహా. 'బీ' అంటే బ్యాకప్ పద్ధతి. బ్యాకప్ తీసేవారికి అనుమతుల పట్టికతో నిమిత్తం లేకుండా చదివే ప్రత్యేక అధికారం ఉంటుంది, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన విండోలో ఆ అధికారం మీకు లభిస్తుంది. రోబోకాపీ ఫైళ్లలోని సమాచారాన్ని, తేదీలను తెస్తుంది తప్ప పాత అనుమతులను వెంట తీసుకురాదు, కాబట్టి కొత్త చోట అవి మీ కొత్త ఖాతాకు మామూలుగా తెరుచుకుంటాయి.

'ఎక్స్‌జే' ఎందుకంటే, పాత యూజర్ ఫోల్డర్లలో 'మై మ్యూజిక్', 'అప్లికేషన్ డేటా' వంటి పేర్లతో ఫోల్డర్లలా కనిపించే దారిగుర్తులు ఉంటాయి. అవి ఎక్స్‌పీ కాలపు ప్రోగ్రాముల కోసం పెట్టినవి. వాటిని తెరవబోతే ఎంత అధికారం ఉన్నవారికైనా 'యాక్సెస్ డినైడ్' అనే వస్తుంది, ఎందుకంటే వాటి లోపల చూడటాన్ని అందరికీ నిషేధించి ఉంచారు. వాటిలో ఒకటి తన పైఫోల్డరు వైపే దారి చూపుతుంది కాబట్టి, కాపీ చేసే ఆదేశం అదే చోట తిరుగుతూ ఉండిపోయే ప్రమాదం ఉంది. వాటిని వదిలివేయమని చెప్పేదే 'ఎక్స్‌జే'.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. రోబోకాపీ ఒక ఫైలు దగ్గర విఫలమైతే, వేరే చెప్పనంతవరకూ 30 సెకన్లకు ఒకసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. కాబట్టి ఆర్ (R) పక్కన 1, డబ్ల్యూ (W) పక్కన 1 అని కోలన్ గుర్తుతో, వీటికి ముందూ స్లాష్ పెట్టి, ఇవ్వండి. కమాండ్ విండోలో మీ తెలుగు ఫోల్డరు పేరు సరిగా కనిపించకపోయినా కంగారు పడకండి, పైనున్న డాక్యుమెంట్స్ నుంచి కాపీ చేస్తే ఆ పేరును మీరు టైపు చేయవలసిన అవసరమే రాదు.

రీడ్ ఓన్లీ గుర్తును ఇక ముట్టుకోకండి. ఫోల్డర్ల విషయంలో దానికీ, అనుమతికీ సంబంధం లేదు.

జవాబు: పాలపిట్ట

రెండవ ఇబ్బంది గురించి నేను చెబుతాను. మా కార్యాలయంలో లెక్కల ప్రోగ్రాముతో సరిగ్గా ఇదే జరిగి రెండు రోజులు పోయాయి, కాబట్టి మీ అవస్థ నాకు బాగా తెలుసు.

రాన్సమ్‌వేర్ రక్షణ అని వారు చెప్పినది బహుశా 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్'. 2017లో విండోస్ 10కు వచ్చిన ఒక నవీకరణతో ఇది మొదలైంది. ఎవరో ఒకరు ఆన్ చేస్తే తప్ప పనిచేయదు. ఆన్ చేసిన తరువాత డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లలో నమ్మకమైనవిగా గుర్తించిన ప్రోగ్రాములు మాత్రమే రాయగలవు. నోట్‌ప్యాడ్ ఆ జాబితాలో ఉన్నది. పేజ్‌మేకర్ 7 వంటి 2001 నాటి ప్రోగ్రామును అది ఎరగదు. ఇక్కడ అనుమతి అడిగినది మీరు కాదు, మీ తరఫున పేజ్‌మేకర్. మీకు పూర్తి అధికారం ఉన్నా, ఆ ప్రోగ్రాముకు లేదు. పాత ప్రోగ్రాములు రాసిన రోజుల్లో ఇటువంటి నిరాకరణ ఒకటి ఉంటుందని ఎవరూ ఊహించలేదు కనుక, ఫైలు ఏర్పడకపోవడాన్ని చూసి అవి తమకు తెలిసిన మాటల్లో 'ఫైలు కనబడలేదు' అని చెబుతున్నాయి.

విండోస్ సెక్యూరిటీ తెరిచి, 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' లో 'ప్రొటెక్షన్ హిస్టరీ' చూడండి. మీరు సేవ్ చేయబోయిన సమయానికి ఎదురుగా పేజ్‌మేకర్‌ను అడ్డుకున్నట్టు నమోదై ఉంటే మన అనుమానం నిజమే. అప్పుడు రక్షణను మొత్తంగా తీసివేయకుండా, అదే పేజీ అడుగున ఉన్న రాన్సమ్‌వేర్ విభాగంలోకి వెళ్లి, ఒక యాప్‌ను అనుమతించే చోట పేజ్‌మేకర్ ప్రోగ్రాము ఫైలును చేర్చండి. నమోదు లేకపోతే మళ్లీ ఇక్కడ రాయండి, కారణం వేరే అయి ఉంటుంది.

జవాబు: తుంగభద్ర

నాదొక భిన్నమైన సూచన. రోబోకాపీ ఆదేశం రాయడం కష్టమనిపిస్తే, విండోస్‌కు బదులుగా కంప్యూటర్‌ను నడిపే ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, కంప్యూటర్‌ను దానితోనే బూట్ చేయండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. పాత డిస్కును తెరిస్తే 'పుస్తకాలు' ఫోల్డరు ఏ ప్రశ్నా లేకుండా తెరుచుకుంటుంది. విండోస్ రాసిన అనుమతుల పట్టికను లినక్స్ మామూలుగా అమలు చేయదు. డిస్కును చదవడానికి మాత్రమే తెరవండి, ఏమీ రాయకండి.

ఇది ఎంత సులువో చెబుతూనే, దీని వెనుక ఉన్న భయంకరమైన సంగతి కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. అనుమతి అంటే గుమ్మం దగ్గర నిలబడిన కాపలాదారు, తాళం వేసిన ఇనప్పెట్టె కాదు. కాపలాదారు విండోస్. అది నిద్రపోతున్నప్పుడు, అంటే డిస్కు మరొకరి యంత్రంలో ఉన్నప్పుడు, లోపల ఉన్నది ఎవరైనా చదవగలరు. ఇతర ఆపరేటర్ల నుంచి కాపాడటానికి మీరు చేసిన ఏర్పాటు ఆ ఇద్దరి నుంచి కాపాడింది. డిస్కును మరమ్మతుకు ఇచ్చినప్పుడు మాత్రం అది దేని నుంచీ కాపాడదు. మన ఊళ్లలో ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు డిస్కులోనే ఉంచి దుకాణంలో వదిలివెళ్లేవారు ఎందరో ఉన్నారు.

సందేశాల విషయంలో మీ అయోమయం సహజమైనదే. చిన్న సాయంగా ఒక చిట్కా చెబుతాను. 0ఎక్స్80070005 వంటి సంకేతం కనిపిస్తే, 8007 తరువాత ఉన్న నాలుగు స్థానాలను చూడండి. 0005 అయితే అనుమతి లేదని, 0002 అయితే ఫైలు లేదని, 0020 అయితే ఆ ఫైలును వేరే ప్రోగ్రాము వాడుకుంటున్నదని అర్థం. ఇవి పదహారు ఆధారంగా రాసిన అంకెలు కాబట్టి 0020 అంటే మన లెక్కలో 32. తెర మీద ఉన్న వాక్యం ఎంత అస్పష్టంగా ఉన్నా ఈ అంకెలు ఎప్పటికీ మారవు. సహాయం అడిగేటప్పుడు వాక్యంతో పాటు వాటినీ రాసుకోవడం మంచిది.

జవాబు: అచ్చుపని

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ముందుగా రెండవ ఇబ్బంది తీరిపోయింది. పాలపిట్ట గారు చెప్పినట్టే హిస్టరీలో పేజ్‌మేకర్ పేరు పదకొండు సార్లు ఉన్నది. దానిని జాబితాలో చేర్చిన వెంటనే సేవ్ అయింది.

నిన్న రాత్రి సర్వరుగది గారి సలహా ప్రకారం రోబోకాపీ నడిపాను. రెండు గంటలకు పైగా పట్టింది. ఉపాధ్యాయుడి పుస్తకం 14 అధ్యాయాలూ, చిత్రాలతో సహా, వచ్చాయి. తెరిచి ఒక్కొక్క పుట తిప్పి చూశాను. ఆయనకు ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేకపోయారు.

ఒక్క ఫోల్డరు మాత్రం రాలేదు. 'ఖాతాలు' అన్నది. అందులో 40 ఫైళ్లు ఉన్నాయి. ప్రతిదాని దగ్గరా 'ఎర్రర్ 5' అని వచ్చి ఆగింది. ఈ ఫైళ్ల పేర్లు పాత కంప్యూటర్‌లో ఆకుపచ్చ రంగులో కనిపించేవని గుర్తు. మొదటిదానికీ దీనికీ సందేశం ఒకటే కదా, మరి ఆ దారి ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? ఇప్పుడు యజమాన్యం మార్చి చూడమంటారా?

జవాబు: సర్వరుగది

పుస్తకం దొరికినందుకు చాలా సంతోషం. 'ఖాతాలు' విషయంలో యజమాన్యం మార్చకండి, దాని వల్ల ఏమీ జరగదు.

ఆకుపచ్చ పేర్లు అంటే ఆ ఫోల్డరును ఎవరో ఎన్‌క్రిప్ట్ చేశారు, అంటే తాళంచెవి లాంటి ఒక రహస్య సంకేతం లేనిదే చదవలేని రూపంలోకి మార్చారు. ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్‌లో ఒక చిన్న గడిలో గుర్తు పెడితే చాలు, అది జరిగిపోతుంది. తుంగభద్ర గారి పోలిక ప్రకారం ఇక్కడ కాపలాదారు కాదు, నిజంగానే ఇనప్పెట్టె ఉన్నది. అనుమతుల పట్టికలో లేని మనిషికీ, తాళంచెవి లేని మనిషికీ విండోస్ అదే 'యాక్సెస్ డినైడ్' చెబుతుంది. ఈ రెండూ పూర్తిగా వేరు వేరు విషయాలు. మొదటిదాన్ని అడ్మినిస్ట్రేటర్ దాటగలరు. రెండవదాన్ని ఏ అధికారమూ దాటలేదు. లినక్స్‌లో ప్రయత్నించినా ఆ ఫైళ్లను చదవలేరు. ఒకే మాటను రెండింటికీ వాడటం వల్ల, మొదటి రకం అనుకుని డిస్కును ఫార్మాట్ చేసి, తాళంచెవిని కూడా పోగొట్టుకున్నవారిని నేను చూశాను. నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇదే.

తాళంచెవి ఎక్కడ ఉండవచ్చునో చెబుతాను. మొదటిసారి ఎన్‌క్రిప్ట్ చేసినప్పుడు విండోస్ 7 ఆ తాళంచెవిని భద్రపరచుకోమని తెర మూలన ఒక సూచన చూపిస్తుంది. అప్పుడు ఎవరైనా ఆ పని చేసి ఉంటే పీఎఫ్ఎక్స్ అనే పొడిగింపు ఉన్న చిన్న ఫైలు ఒకటి ఏ పెన్‌డ్రైవ్‌లోనో, సీడీలోనో ఉంటుంది. అది దొరికితే, దానికి పెట్టిన పాస్‌వర్డు గుర్తుంటే, కొత్త కంప్యూటర్‌లో దాని మీద రెండుసార్లు నొక్కి దిగుమతి చేసుకోండి. తరువాత ఫోల్డరుకు మామూలు అనుమతి తెచ్చుకుంటే ఫైళ్లు తెరుచుకుంటాయి.

దొరకకపోతే, తాళంచెవి అసలు ప్రతి పాత డిస్కులోనే మీ పాత యూజర్ ఫోల్డరు లోపల ఉన్నది, మీ పాత పాస్‌వర్డుతో కట్టి ఉన్నది. పాస్‌వర్డు గుర్తున్నదని మీరు రాశారు, అది పెద్ద ఊరట. పాతదానివంటి మదర్‌బోర్డు ఉన్న యంత్రంలో ఆ డిస్కును బిగించి బూట్ చేయగలిగితే, మామూలుగా లాగిన్ అయి ఫైళ్లను చూడవచ్చు. ఆ ప్రయత్నానికి ముందు డిస్కు మొత్తానికీ యథాతథంగా ఒక ప్రతి తీయించండి. మరమ్మతు చేసేవారు పాస్‌వర్డును తుడిచివేసే సీడీ ఏదైనా వాడతామంటే మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. అలా తుడిచివేసిన పాస్‌వర్డుతో పాటు తాళంచెవి కట్టు విప్పే మార్గం కూడా పోతుంది.

జవాబు: అచ్చుపని

ఆ గడిలో గుర్తు పెట్టినది నేనే అయి ఉంటాను. 2013 ప్రాంతంలో జీఎస్‌టీకి ముందున్న వ్యాట్ లెక్కలు అందులో పెట్టేవాడిని. అప్పటి సీడీలు ఒక అట్టపెట్టెలో కట్టి అటక మీద ఉంచాను. రేపు ఆదివారం దించి, ఒక్కొక్కటీ పెట్టి పీఎఫ్ఎక్స్ ఫైలు ఉందేమో చూస్తాను. అంతవరకూ పాత డిస్కును ఏ యంత్రానికీ తగిలించకుండా బీరువాలో పెట్టాను.